సామీప్యవాచకములు: ఆంగ్లమునందును, కడప మండల వ్యవహారమునందును

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల సీమలలో ఆంగ్లభాష నేర్చుకొను బాలుడు తొలియేండ్లలో వ్రాయు వాక్యములను చూచినచో ఒకజాతి తప్పు మాటిమాటికి కానవచ్చును. “వాడు వైద్యుని దగ్గరికి పోయినాడు” అను దానికి “హి వెంట్ నియర్ ది డాక్టర్” అని వ్రాయును. “నా దగ్గర పుస్తకమున్నది” అను దానిని “ఎ బుక్ ఈజ్ నియర్ మి” అని మార్చును. “ఆయన దగ్గర చదువుకొంటిని” అనునది “ఐ స్టడీడ్ నియర్ హిమ్” అగును. ఉపాధ్యాయుడు మూటిని ఎఱ్ఱసిరాతో కొట్టివేసి, మొదటిదానియందు “టు” అనియు, రెండవదానియందు “హావ్” అనియు, మూడవదానియందు “అండర్” అనియు దిద్దును. బాలుడు ఆ దిద్దుబాటును వల్లించును గాని, తన యింట ఒక్కటిగా పలుకు మాటకు బడిలో మూడు మాటలేల వచ్చెనో అతనికి బోధపడదు.

తప్పు బాలునిదని చెప్పుట సులభము. కాని నిఘంటువున “నియర్” అను పదమునకు ఎదురుగా “దగ్గర” అని వ్రాసియున్నది. అతడు దానిని నమ్మినాడు. లోపమెల్ల పర్యాయపదములు ఒకదాని తావున మఱియొకటి నిలువగలవను తలంపులో నున్నది. ఈ తలంపు ఆంగ్లము చెప్పు తరగతిని మాత్రమే చెఱచుచున్నదనరాదు. తెలుగు తరగతిలో ఆ బాలుడే “ఇంటికాడ” అని వ్రాసినచో “ఇంటివద్ద” అనియు, “మా మామ తావ” అని వ్రాసినచో “మామ సమీపమున” అనియు దిద్దుదురు. మామ సమీపమున నుండుటకును, మామ తావ నుండుటకును భేదము లేదా? ఉన్నదని ఆ యింటివారందఱు నెఱుగుదురు.

ముందుగా ఆంగ్లపదముల పుట్టుక చూడదగియున్నది. “నియర్” అను మాట నేడు మూలపదమువలె కనబడుచున్నను, ప్రాచీనాంగ్లమున అది తారతమ్యరూపము. “నై” అను ప్రాతమాటకు “ఎక్కువ చేరువైనది” అను నర్థమున “నియర్” అనియు, “అన్నిటికంటె చేరువైనది” అను నర్థమున “నెక్స్ట్” అనియు రూపము లేర్పడినవి. కాలక్రమమున “నై” కావ్యములకును పల్లెపలుకుబడికిని పరిమితము కాగా, “నియర్” మూలస్థానము నాక్రమించెను. అది తారతమ్యరూపమను జ్ఞాపకము పోయి, దానికి మరల “నియరర్”, “నియరెస్ట్” అని ప్రత్యయములు చేర్చిరి. “నెక్స్ట్” వేఱుపడి, వరుసలో తరువాతి దను నర్థమును పొందెను. అయినను పాతసంబంధము అక్కడక్కడ నిలిచియున్నది. మృతుని యాస్తికి మొదటి హక్కుగల బంధువును ఆంగ్లన్యాయశాస్త్రము “నెక్స్ట్ ఆఫ్ కిన్” అనును. అది వరుసలో తరువాతివాడని కాదు, రక్తమున అందఱికంటె చేరువవాడని యర్థము. “నైబర్” అను మాటలోని తొలిభాగమును ఈ “నై” యే. మలిభాగము నివసించువాడు, సేద్యకాడు అను నర్థములు గలది. చేనిపొరుగువాడే తొలి పొరుగువాడన్నమాట. 1822వ సంవత్సరమున కడపలో పని ప్రారంభించిన లండను మిషనువారికిని, తరువాత జమ్మలమడుగున వైద్యశాల నడపిన వారికిని ఈ మాట నిత్యావసరమైనది. తెలుగు బైబిలు దీనికి “పొరుగువాడు” అను పదమునే గ్రహించినది. అది మంచి యెంపిక. “సమీపవాసి” యని వ్రాసినచో శబ్దార్థము సరిపోవును గాని, గోడకవతల నిప్పు అడిగి తెచ్చుకొను చనవు అందు లేదు.

“క్లోజ్” అను మాట దారి వేఱు. అది లాటినునుండి ఫ్రెంచి ద్వారమున వచ్చినది, మూలార్థము “మూసినది”. నడుమ సందు లేకుండుట దాని ప్రాణము. కనుకనే ఒత్తైన నేతను, ఇరుకైన వీధిని, గుట్టు దాచువానిని, ప్రాణమిత్రుని ఆ యొక్కమాటతోనే ఆంగ్లేయులు చెప్పగలుగుచున్నారు. తెలుగున ఈ యర్థములు చెదిరిపోవును. వేరుసెనగ మొలక సందులేక వచ్చినచో పులివెందుల రైతు “ఒత్తుగా మొలిచినది” అనునే కాని “దగ్గరగా మొలిచినది” అని సాధారణముగా ననడు. మిత్రుని విషయమున “దగ్గరివాడు” అనును గాని “ఒత్తువాడు” అనడు. “బిసైడ్” అనునది ప్రక్కయను నర్థముగల మాటనుండి పుట్టినది. మన “పక్క” సంస్కృతపు “పక్ష”మునుండి వచ్చినది; “పార్శ్వము” అనునది ప్రక్కటెముకల తావు. ఇక్కడ మూడు భాషలును మానవశరీరమునే కొలబద్దగా గ్రహించినవి. “అడ్జేసెంట్” లాటినున “చేరువను పడియున్నది”. “విసినిటీ” పల్లెవాచకమునుండి పుట్టి, ఒకే పల్లెవారి చేరువను చెప్పునది.

ఇట్టి మూలార్థములు సంస్కృతమునను తక్కువ కావు. అమరకోశము సామీప్యార్థమున పదునైదు మాటలవఱకు నొకచో కూర్చినది. బడిలో వానిని దండకమువలె వల్లింతురు గాని విడదీసి చూచినచో ఒక్కొక్కటి ఒక్కొక్క చిత్రము. “సనీడము” ఒకే గూటిది. “సదేశము” ఒకే చోటిది. “సమర్యాదము” ఎల్లను పంచుకొన్నది. “ఉపకంఠము” మెడకు చేరువైనది. ఊరి పొలిమేరను చెప్పుటకు అది వాడుక. “సమీపము” అను పదమునందు నీరున్నదను సంగతి పలువురకు తోచదు. ద్వీపము, అంతరీపము అను పదములందువలెనే ఇందును “అప్” శబ్దము ఉపసర్గము మీద “ఈప” యైనదని వ్యాకర్తలు చెప్పుదురు: నీళ్ళు వచ్చి కలియు చోటు సమీపము. పెన్నయొడ్డున నున్న జమ్మలమడుగుకు, తన పేరిట మడుగునే ధరించిన యూరికి, ఈ వ్యుత్పత్తి పరాయిది కాదు. తెలుగున “దరి” యను మాట ఇట్టిదే. అది నదియొడ్డు, “దరిచేరుట” యనగా ఒడ్డు పట్టుట, తుదకు “దరిని” అనగా చెంతను అని యర్థమైనది.

తెలుగు మాటలలో “దగ్గర” ముఖ్యమైనది. పూర్వరూపము “డగ్గఱ”, “డగ్గఱు” అను క్రియ సమీపించుట యను నర్థమున కావ్యములందు ప్రసిద్ధము. “చేరువ” యనునది “చేరు” క్రియనుండి వచ్చినది. ఇవి రెండును కదలికనుండి పుట్టిన సామీప్యములు: వచ్చి చేరినందున దగ్గరైనది. “కడ” అట్లు కాదు. అది కొన, అంచు అను నర్థములు గల మాట; “కడకు” అనగా తుదకు. ఒక వస్తువు అంచున నుండుట దాని చెంత నుండుటయే కనుక “కడ” సామీప్యవాచక మైనది. “అక్కడ”, “ఇక్కడ”, “ఎక్కడ” అను మాటలు ఆ కడ, ఈ కడ, ఏ కడ యనుటచేత నేర్పడినవే.

ఈ విషయము గమనించినచో “కాడ” యను మాటపై పండితులకుగల యేవగింపు కొంత తగ్గవలసియున్నది. ఈ మూడు సీమలలో ఇంటికాడ, చేనికాడ, బాయికాడ, గుడికాడ యనుట నిత్యవ్యవహారము. ఇది “కడ” యొక్క దీర్ఘరూపమని తోచుచున్నది. “అక్కడ” శిష్టప్రయోగమనియు, “ఇంటికాడ” గ్రామ్యమనియు నిర్ణయించువారు రెంటియందు నున్నది ఒకే పదమని మఱచుచున్నారు. ఈ సీమ పలుకుబడి నిన్న మొన్నటిది గాదు. ఎఱ్ఱగుంట్ల దాపున నున్న కలమళ్ళలో రేనాటి చోళుల తెలుగు శాసనము క్రీస్తుశకము ఆరవ శతాబ్దినాటిది. అంత ప్రాచీనత గల నేలమీది వాడుకను తప్పని కొట్టివేయుటకు ముందు దాని నియమమేమో పరిశీలించుట ధర్మము.

నియమ మున్నది. “ఇంటి దగ్గర” అన్నచో ఇంటి లోపల కావచ్చును, బయట చేరువను కావచ్చును, సందర్భమునుబట్టి తెలియవలెను. “ఇంటికాడ” అన్నచో పెక్కుసార్లు ఇంటనే యని యర్థము. “మా నాయన ఇంటికాడ ఉండాడు” అని పులివెందులలో బాలుడు చెప్పినచో, తండ్రి ఇంటి సమీపమున నిలిచియున్నాడని గ్రహించువాడు ఆ యూరివాడు కాడు. ఆంగ్లమున దీనికి తగినది “నియర్” కాదు. “ఎట్ హోమ్” అనవలెను. “గుడికాడ కూచున్యారు” అనునప్పుడు మాత్రము గుడి ముందరి అరుగుగాని రావిచెట్టు గాని స్ఫురించును. నెలవు తనదైనప్పుడు లోపలిని, పదుగురిదైనప్పుడు చెంతను చెప్పుట ఈ మాటకుగల సామాన్యస్వభావముగా కనబడుచున్నది.

మనుష్యుల విషయమున “తావ”, “తాన” అను మాటలును వినబడును. “తావు” చోటు. “తాన” సంస్కృతపు “స్థాన” శబ్దముయొక్క వికృతి. చోటును చెప్పు మాట మనుష్యుని పేరుతో కూడి సామీప్యమును, పిదప స్వామ్యమును చెప్పుట తెలుగునందే కాదు; తమిళమున “ఇడం” అనునది చోటు, “ఎన్నిడం” అనునది నావద్ద. వాడుకతమిళమున “కిట్ట” యనునది వచ్చును. మన “గిట్టు”, “గిట్టుబాటు” అను మాటలకు అది చుట్టము. కన్నడమున “హత్తిర” యనుదురు. అది అంటుకొనుట యను నర్థముగల “హత్తు” ధాతువునకు సంబంధించినది. ప్రొద్దుటూరు బజారులో తెలుగుతో ప్రక్కప్రక్కన వినబడు దక్కనీ ఉర్దూలో “మేరే పాస్” అనియు “మేరే కనే” అనియు చెప్పుదురు. ఈ భాషలన్నియు కలిమిని చేరువతోనే చెప్పుచున్నవి. నా చెంత నున్నది నాది. “హావ్” వంటి క్రియ వీనిలో లేదు.

“నా కాడ లెక్క లేదు” అని కడప మండలపు రైతు చెప్పినప్పుడు పరదేశి గణితమును తలచి చిక్కుపడును. “లెక్క” యనగా ఇచ్చట రూకలు. ఆ మాట నటుంచి, వాక్యనిర్మాణము చూడదగినది. రూకలు, పుస్తకము, తాళపుచెవి, కొడవలి మొదలగు చేతులు మారదగిన వానికే “దగ్గర”, “కాడ”, “తావ” చెల్లును. తమ్ముడు, కన్నులు, జ్వరము, పని అను వానికి “నాకు” అనవలెను. “నాకు తమ్ముడున్నాడు” అన్నచో సోదరుడు కలడనుట. “నా దగ్గర తమ్ముడున్నాడు” అన్నచో అతడు నాయింట నుండి, నాయన్నము తినుచున్నాడని యర్థము. ఆంగ్లము రెంటికిని “ఐ హావ్ ఎ బ్రదర్” అని యొక్క వాక్యముతో గడుపుకొనజూచును. రెండవదానికి “స్టేయింగ్ విత్ మి” అని తోక తగిలించక తీరదు. భూమి విషయము మఱియు చిత్రము. “నాకు మూడెకరములున్నవి” యనుట సహజము, “నా దగ్గర” యనుట అరుదు. భూమిని చంకబెట్టుకొని తిరుగలేము గదా! అయితే భూమి పట్టా మాత్రము “నా దగ్గర” నుండును. కాగితమునకును నేలకును గల ఈ భేదమును వ్యాకరణము నేర్వని రైతు తప్పక పాటించును.

బాలుని మూడవ వాక్యము, “ఆయన దగ్గర చదువుకొంటిని” అనునది, మఱియొక తరగతికి చెందినది. ఇందు కలిమి లేదు, దూరపు కొలతయు లేదు. గురువును చేరి యుండుటయే చదువను ప్రాతభావ మున్నది. శిష్యునకు “అంతేవాసి” యని పేరు. చెంత వసించువాడని యర్థము. “ఉపాధ్యాయ”, “ఉపనయన”, “ఉపనిషత్” అను శబ్దములందు తొలుత నున్న “ఉప” యీ సామీప్యమునే తెలుపుచున్నది. ఆంగ్లమున “అండర్” అని క్రిందుమాట వాడుదురు. ఒకరి యధీనమున నుండుట వారి ప్రధానభావము. గడియారము వేంకటశేషశాస్త్రిగారి వంటివారు ప్రొద్దుటూరున తెలుగు బోధించిన కాలమును తలచుకొను వృద్ధులు “వారి దగ్గర చదివినాము” అన్నప్పుడు, క్రింద నుంటిమనుట కాదు, చేరువ నుంటిమనుటయే. రెండు భాషలు గురుశిష్యులను రెండు విధములుగ చూచుచున్నవి; దిద్దుబాటు చేయునప్పుడు ఉపాధ్యాయుడు ఈ మాట చెప్పినచో బాలుడు మఱవడు.

ఇక “దాపు”. ఇది “డాయు” క్రియకు సంబంధించిన మాట. “ఊరి దాపున”, “దరిదాపుల” అని వాడుక. ఈ రెండవది జంటమాట. “దరిదాపు నూఱుమంది” అని సంఖ్యకును తగిలించి ఇంచుమించనుటకు వాడుదురు. ఆంగ్లమున “నియర్లీ” యనుట ఇట్టిదే. ఈ “దాపు”నకు దాపున నొక వల యున్నది. కాడికి కట్టిన జంటలో ఎడమవైపు ఎద్దు దాపటెద్దు. కుడివైపుది వలపటెద్దు, సీమ పలుకుబడిలో ఎలపటెద్దు. ఆంగ్లమున బండిగుఱ్ఱముల జంటలో ఎడమదానిని “నియర్” గుఱ్ఱమనియు, కుడిదానిని “ఆఫ్” గుఱ్ఱమనియు నందురు. తోలువాడు గుఱ్ఱమును ఎడమప్రక్కనుండి నడిపించుటయు ఎక్కుటయు ఆచారము గనుక ఆ ప్రక్క అతనికి చేరువైనది. ఈ పోలిక చూచి, తెలుగు రైతునకును ఎడమ యెద్దు చేరువది కాబట్టి “దాపటెద్దు” అయినదని చెప్పుటకు మనసు ఉత్సాహపడును. కాని అది నిలువదు. “డాపల” యనునది “డాకేలు” అను మాటలోనున్న “డా” శబ్దమునుండి వచ్చినది. ఆ “డా” “ఎడమ” లోని “ఎడ”తో నేకమూలము, వర్ణవ్యత్యయముచేత మాఱినది. “వలపల” యనునది “వలకేలు” అను మాటలోని “వల”. కనుక ఆంగ్లమున చేరువ యెడమగా మాఱినది. తెలుగున ఎడమ చేరువవలె వినబడుచున్నది, అంతే. ధ్వనిసామ్యమును నమ్మి వ్యుత్పత్తి కట్టువారికి దాపటెద్దు మంచి హెచ్చరిక.

కొన్ని మాటలలో చేరువ ఆశ్రయముగ పరిణమించినది. “అండ” యనగా ప్రక్క. “అండగా నిలుచుట” యనగా సాయపడుట. “పంచ” ఇంటి చూరుక్రింది చోటు. “ఒకరి పంచన చేరుట” యనగా వారిని ఆశ్రయించుట, అందు కొంత చిన్నతనము కూడ కలదు. ఆంగ్లమున “స్టాండ్ బై” అను జంట, ప్రక్కన నిలుచుటనుండి యాపదలో విడువకుండుట దాక వచ్చినది. కాని “అండ” వలె అది గౌరవము చెడని సాయమే, “పంచ” లోని దైన్యము దానికి లేదు. “దగ్గరకు తీయుట” బిడ్డ విషయమున అక్కున చేర్చుకొనుట, పెద్దవాని విషయమున ఆదరించుట. “దగ్గరుండి పెండ్లి చేయించినాడు” అను వాక్యమున “దగ్గరుండి” యనుమాటకు ఏ సామీప్యపదముతోను ఆంగ్లము కుదురదు. పిందెనుండి పండువఱకు పని తనదిగా చూచుకొన్నాడని విప్పి చెప్పవలసినదే. మేనమామ లేక పెదనాయన “దగ్గరుండి” జరిపించని పెండ్లి ఈ సీమలో వెలితిగనే యెంచబడును.

మన్ననను చెప్పు చేరువలు వేఱు. దేవుని “సన్నిధి”, పీఠాధిపతుల “సన్నిధానము”, దొరల “సముఖము”, కావ్యములందలి “మ్రోల” అనువానిని మార్చివాడరాదు. “దేవుని పక్కన నిలిచి మ్రొక్కినాడు” అన్నచో నవ్వుదురు. ఆంగ్లము దీనికి “ప్రెజెన్స్” అను మాట నుపయోగించును; “నియర్” చెల్లదు. వీనిని గూర్చి వ్యాకరణములందును వ్యాఖ్యానములందును పండితులు కావలసినంత చెప్పియున్నారు.

చెప్పనిది దస్తావేజుల భాష. అచ్చట సామీప్యపదమునందు పొరపాటు సాహిత్యదోషముగ ఆగక వ్యాజ్యముగ పరిణమించును. 1908వ సంవత్సరపు రిజిస్ట్రేషను చట్టము 21వ ప్రకరణము, రిజిస్టరు చేయు ఆస్తి గుర్తుపట్టదగినట్లు వర్ణింపబడవలెననియు, ఇండ్లు భూములు ఏ దారులను, ఏ యితర ఆస్తులను ఆనుకొనియున్నవో చెప్పవలెననియు విధించుచున్నది. అందలి ఆంగ్లపదము “అబట్” అనునది. కొనకు కొన తగులుట దాని యర్థము. దస్తావేజు వ్రాయువారు చెక్కుబందీలో నాలుగు దిక్కుల హద్దులు చెప్పునప్పుడు “ఆనుకొని” యని వ్రాయుట అందులకు సరియైనది. దానికి మాఱుగా “సమీపమున”నో “దగ్గర”నో వ్రాసినచో నడుమ రెండుమూరల నేల యెవరిదను ప్రశ్న మిగిలిపోవును. సీమరైతులు “గెనిమ” యను మాటతో ఈ భేదమును మాటలలోనే భద్రపఱచుకొన్నారు. గెనిమ చేనిగట్టు. ఇద్దరి చేలకు గెనిమ యొక్కటే యన్నచో నడుమ పరాయినేల లేదని తేలిపోవును. అమరకోశపు “సమర్యాదము” ఇదియే. పల్లెభాషలో గెనిమ యొక్కటైన చేను. ఈ యర్థమును చెప్పుటకు “నియర్” ఆంగ్లమునను పనికిరాదు, “అడ్జేసెంట్” కూడ ఒక్కొక్కప్పుడు నడుమ కొంత సందునకు తావిచ్చును. “అడ్జాయినింగ్”, “అబటింగ్” అను మాటలే నిలుచును. బడిలో “అడ్జేసెంట్ = సమీపము” అని వ్రాయించు ఉపాధ్యాయుడు, ఆ బాలుడు రేపు లేఖకుడు కావచ్చునని తలచవలెను.

చేరువకు కొలతలు గూడ భాషలోనే కలవు. “కూతవేటు దూరము” అన్నచో కేకవేసిన వినబడునంత. ఆంగ్లమున చెవికందు దూరమును “ఇయర్‌షాట్” అందురు. ఱాయి విసరినంత దూరమును “స్టోన్స్ త్రో” అందురు. సంస్కృతపు “క్రోశము” తొలుత కేకయే. కేక వినబడు మేర యగుటచే దూరమానమై, తెలుగున “కోసు” అయినది. అయితే కోసు కొలతగా స్థిరపడినపిదప అందలి కేక వినబడుట మానినది. “కూతవేటు” మాత్రము ఇంకను కేకవేయుచునే యున్నది. చూపునుబట్టి చెప్పు “కనుచూపుమేర” కొన్నిచోట్ల మోసము చేయును. గండికోటలో పెన్న చీల్చిన లోయయంచున నిలిచి ఎదుటి కొండచఱియను చూచినచో చెంతనే యున్నట్లు తోచును. నడచి చేరవలెనన్న దిగి, యేరు దాటి, మరల నెక్కవలెను. అక్కడ “ఎదుట” అనవచ్చును, “దగ్గర” యన్నచో వినువాడు చిక్కుపడును. ఎదురుగా నుండుటయు చేరువ నుండుటయు ఒకటి కాదని బోధించుటకు ఇంతకంటె మంచి పటము దొరకదు.

తారతమ్యమును చెప్పుటలో తెలుగునకు “నియరర్”, “నియరెస్ట్” వంటి రూపములు లేవు. “కంటె” చేర్చి “అన్నిటికంటె దగ్గరిది” అని చెప్పవలెను. దరఖాస్తులలో “నియరెస్ట్ రైల్వే స్టేషన్” అను గడి యుండెడిది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగువారు చిరకాలము అందు ఎఱ్ఱగుంట్ల యని వ్రాయుచు వచ్చిరి. ఎఱ్ఱగుంట్ల నంద్యాల రైలుమార్గము 2016వ సంవత్సరమున పూర్తిగ తెఱవబడుటతో ఆ యూళ్ళకే స్టేషన్లు అమరినవి. ఎఱ్ఱగుంట్ల ఉన్నచోటనే యున్నది. “నియరెస్ట్” మాత్రము కదలిపోయినది. ఇట్టి పదములు వస్తువును గాక, వస్తువుల నడుమనున్న పోలికను చెప్పునవని ఈ చిన్నయుదాహరణము చాటుచున్నది.

సామీప్యము విపరీతమగు మాట యొకటి గలదు. “పొరుగు” ఇంటివిషయమున చెంతను చెప్పును. ఊరి విషయమున “పొరుగూరు” తనది కాని యూరు. “పొరుగూరికి పోయినాడు” అన్నచో ప్రక్కయూరే కానక్కఱలేదు, దూరపు నగరమైనను కావచ్చును. గోడపొరుగువాడు మనవాడు, పొరుగూరివాడు పరాయివాడు! “నైబరింగ్ విలేజ్” అని దీనిని ఆంగ్లీకరించు బాలుడు తప్పు చేసినట్లే, కాని తప్పని తెలియుట చాల కష్టము. కాలమునకు అన్వయించినప్పుడు “పండుగ దగ్గరపడినది” అందురు. “చేరువైనది” అన్నను చెల్లును. “కాడికి వచ్చినది” అనరు. చుట్టరికమునకు “దగ్గరి చుట్టము” అనవలెను, “చెంత చుట్టము” లేదు. మేనరికపు సంబంధమును “దగ్గరి సంబంధము” అందురు. అది ప్రక్కవీధిలోనిదా, పది ఆమడల దూరముననున్నదా యను విచారము అందు లేదు.

ఇట్టి వ్యవహారభేదములను పట్టుకొనవలెనన్న నిఘంటువు పదములను వరుసగ పేర్చుట చాలదు. 1820వ సంవత్సరమున కడపకు ఉద్యోగియై వచ్చి తెలుగు నేర్చిన చార్లెసు ఫిలిప్పు బ్రౌను, కావ్యభాషతోపాటు వాడుకమాటలను గూడ తన నిఘంటువులందు చేర్చుకొన్నాడు. కచ్చేరీమాటలకును అన్యదేశ్యములకును వేఱు కోశములు కూర్చినాడు. వ్యవహారమును వినుట ఆయనకు నేర్పిన సీమలలో కడప యొకటి. తరువాతి శబ్దరత్నాకరము కావ్యప్రయోగమునకు మేలైన ఆకరము. అది లిఖితభాషకు వెలుగు. కాని బడిలో రెండు భాషల నడుమ నిలిచిన బాలునికి కావలసినది మఱియొకటి: ఒక్కొక్క సామీప్యపదము క్రింద అది వస్తువునకా మనుష్యునికా, ఉనికికా కలిమికా రాకకా, తాకుటకా తాకకుండుటకా చెల్లునో చూపు వాక్యములు. “దగ్గర” క్రింద కనీసము ఆఱు వాక్యములు, ప్రతిదానికెదురుగా వేఱువేఱు ఆంగ్లపదములు: “నియర్”, “ఎట్”, “టు”, “విత్”, “హావ్”, “ఫ్రమ్”. “వాని దగ్గర కొన్నాను” అన్నచోటి “ఫ్రమ్” అందఱును మఱచునది.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పాఠశాలలలోని పండితులు తమ తరగతిలోనే ఈ పనిని మొదలుపెట్టవచ్చును. ఇండ్లలో “కాడ”, “తావ”, “తాన”, “దాపు”, “అండ”, “పంచ” అను మాటలు విన్నచోటెల్ల వాక్యమును పూర్తిగ వ్రాసికొని రమ్మని పిల్లలకు చెప్పినచో ఒక వేసవిలో కొన్నివందల వాక్యములు చేరును. వానియందు ఏ యూరివి, చెప్పినవారు ఆడవారో మగవారో, వృద్ధులో పిన్నలో గుర్తుచేయవలెను, దిద్దరాదు. “తావ” యను మాట ఏ యూరితో ఆగి “తాన” మొదలగునో ఆ కాగితములే చెప్పును.